క్యాజువాలిటీలో తొలి ఉద్యోగాన్ని కొత్త నర్సు ఎలా ఎంచుకోవాలి?

ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం, రాయగడ ప్రాంతాల తెలుగు ఇళ్లలో జి.ఎన్.ఎం. (నర్సింగ్ డిప్లొమా) గానీ బి.ఎస్సీ. నర్సింగ్ గానీ పూర్తిచేసినవారు క్యాజువాలిటీ, అంటే అత్యవసర విభాగంలో ఉద్యోగమనగానే ముందు జీతం అడుగుతారు. అడగవలసిందే. అయితే తొలి ఏడాదిలో అంతకంటె ముఖ్యమైనది, రాత్రి రెండు గంటలప్పుడు మీ పక్కన ఎవరుంటారన్నది.

మొదట కాగితాల పని ముగించుకోండి. ఏ రాష్ట్రంలో పనిచేస్తే ఆ రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్లో నమోదు ఉండాలి కనుక, శ్రీకాకుళంలో చదివి బరంపురంలో చేరదలచినవారు ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్ నుంచి నిరభ్యంతర పత్రం తీసుకొని ఒడిశాలో నమోదు చేయించుకోవాలి. దీనికి సమయం పడుతుంది. ఇంటర్వ్యూ పిలుపు వచ్చేదాకా ఆగవద్దు.

తర్వాత, సంతకం పెట్టక ముందే, అనుమతి అడిగి ఒక సాయంత్రం ఆ క్యాజువాలిటీలో గడపండి. వచ్చిన రోగులను ప్రమాద తీవ్రతను బట్టి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ వర్గాలుగా విడదీస్తున్నారా, లేక ముందొచ్చినవారిని ముందు చూస్తున్నారా అన్నది గమనించండి. రోగి గొంతులోని కఫాన్ని, రక్తాన్ని లాగే సక్షన్ యంత్రం ఆన్ చేయించి గొట్టం చివర వేలు పెట్టి చూడండి. లాగకపోతే ఆ యంత్రం ఉన్నా లేనట్టే.

మన వరిపొలాల సీమలో పాముకాటు కేసులు తప్పవు కనుక దాని ఏర్పాట్లను ప్రత్యేకంగా అడగాలి. విషానికి విరుగుడు మందు తొలి మోతాదుగా సాధారణంగా 10 వయల్స్ (చిన్న సీసాలు) ఎక్కిస్తారు. ఫ్రిజ్‌లో మూడే ఉంటే మిగతావి ఎక్కడినుంచి వస్తాయో తెలుసుకోండి. మందు వికటిస్తే వెంటనే ఇవ్వడానికి అడ్రినలిన్ అందుబాటులో ఉండాలి. రక్తం గడ్డకట్టే పరీక్షకు శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఆపై గడ్డకట్టిందో లేదో వంచి చూస్తారు. సబ్బుతో కడిగిన గొట్టాన్ని మళ్లీ వాడితే ఫలితం తప్పుదారి పట్టిస్తుంది. ఆ గొట్టాలు ఎక్కడున్నాయని అడిగినప్పుడు సిస్టర్ తడుముకోకుండా చేయి చాపి చూపితే, ఆ విభాగం పని తెలిసినదని నేను నమ్ముతాను.

ఆఫీసు వారు చెప్పేదానికంటె అక్కడి స్టాఫ్ నర్సుల మాట ఎక్కువ నిజం. కొత్తవారిని సీనియర్‌తో ఎన్ని వారాలు ఉంచుతారో, రాత్రి ఒక్కొక్కరికి ఎన్ని పడకలో, డ్యూటీ డాక్టర్ లోపలే ఉంటారో ఫోన్ చేస్తే వస్తారో వారినే అడగండి. భాష సంగతీ చూసుకోవాలి. ఒడియాలో తలనొప్పిని ‘ముండొ బింధా’ అంటారు. తెలుగు చెవికి తిట్టులా వినబడి తొలిరోజు నేనూ ఉలిక్కిపడ్డాను. గజపతి జిల్లాలో సవర మాట్లాడే రోగులు వచ్చినప్పుడు మాట చేరవేసేవారు ఉన్నారా అన్నది మరీ ముఖ్యం.

ఇంతకాలం పనిచేస్తామని రాసిచ్చే బాండ్‌ను ఇంటికి తీసుకెళ్లి చదవండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వవద్దు, నకళ్లు చాలు. నేను తొలిసారి చేరిన ఒక చిన్న ఆసుపత్రి నా ఒరిజినల్స్ పట్టుకోవడంతో మరోచోట వచ్చిన అవకాశం చేజారింది. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు పూర్తయ్యాయా చూసుకోండి. సూది గుచ్చుకుంటే హెచ్.ఐ.వి. నివారణ మందులు వీలైనంత త్వరగా, 72 గంటలు దాటకుండా మొదలుపెట్టాలి కనుక, అవి అర్ధరాత్రి ఎవరిస్తారో ముందే అడగండి.

రెండు చోట్ల పిలుపు వస్తే, జీతం కొంత తగ్గినా సీనియర్లున్న పెద్ద ఆసుపత్రినే ఎంచుకోమంటాను. చేరే తేదీ ఖాయం చేసుకునేటప్పుడే, మొదటి నెల పగటి డ్యూటీ వేయమని ఇన్‌చార్జి సిస్టర్‌ను అడగండి.