తగ్గని కాళ్ల వాపు వెనుక పేగు జబ్బు ఉందేమో ఎలా తెలుసుకోవాలి?

పిల్లల పాదాలు రెండూ వాచినప్పుడు మనకు ముందు కిడ్నీల మీద అనుమానం వస్తుంది, కోస్తా జిల్లాల్లోనైతే బోదకాలేమోననే భయం కూడా కలుగుతుంది. ఆ పరీక్షల్లో ఏమీ తేలకపోయినా వాపు తగ్గకపోతే, 1961లో అమెరికా వైద్యుడు వాల్డ్‌మన్ బృందం వివరించిన పేగు లింఫాంజియెక్టేసియా గురించి డాక్టరును అడగాలి. ఈ అరుదైన జబ్బులో పేగు గోడలోని లింఫ్ నాళాలు (లింఫ్ అనే ద్రవాన్ని మోసుకుపోయే సన్నని గొట్టాలు) ఉబ్బి కారడంతో ప్రొటీన్లు, కొవ్వు, లింఫోసైట్లనే తెల్ల రక్తకణాలు మలంతో పోతాయి. ఇది ఎక్కువగా మూడేళ్లలోపే బయటపడుతుంది, పెద్దవాళ్లలోనూ కనిపిస్తుంది.

ముందుగా లక్షణాలను గమనించండి. చీలమండ పైన ఎముక మీద బొటనవేలితో కొన్ని క్షణాలు నొక్కి వదిలితే గుంట పడి, మెల్లగా పూడుతుంది. జిడ్డు విరేచనాలు, బరువు పెరగకపోవడం, పొట్టలో నీరు చేరడం, కాల్షియం తగ్గి చేతులు కొంకర్లు పోవడం కూడా ఉండవచ్చు. ఇవి ఎప్పుడు మొదలయ్యాయో రాసి తీసుకువెళ్లండి.

తర్వాత రక్తపరీక్ష. పెద్దవాళ్లలో డెసిలీటరుకు సుమారు 3.5 నుంచి 5 గ్రాములు ఉండవలసిన అల్బుమిన్ అనే రక్తంలోని ప్రొటీన్ బాగా పడిపోయి, మూత్రంలో ప్రొటీన్ పోకుండా, కాలేయం బాగానే ఉంటే, అది పేగు ద్వారా పోతోందేమో చూడాలి. రిపోర్టులో చాలామంది పట్టించుకోని లింఫోసైట్ల సంఖ్యను తప్పక చూపించండి, ఇమ్యునోగ్లోబులిన్లతో (రోగాలతో పోరాడే ప్రొటీన్లతో) పాటు అవీ తగ్గితే అనుమానం బలపడుతుంది.

ఆపైన మలంలో ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ కొలుస్తారు. పేగులోని జీర్ణరసాలు ఈ ప్రొటీన్‌ను పెద్దగా కరిగించలేవు కాబట్టి, అది మలంలో ఎక్కువగా కనిపిస్తే రక్తంలోని ప్రొటీన్ పేగులోకి కారుతోందని అర్థం. 24 గంటల మలం పట్టి ఇవ్వడం ఇబ్బందికరమే అయినా మధ్యలో వదిలేయకండి.

నిర్ధారణ ఎండోస్కోపీ (కెమెరా గొట్టంతో పేగు లోపల చూడటం), బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం)లతోనే జరుగుతుంది. పేగు లోపలి పొర మీద ముగ్గుపిండి చల్లినట్టు తెల్లటి చుక్కలు కనిపిస్తాయి, బయాప్సీలో ఉబ్బిన నాళాలు తెలుస్తాయి. కొవ్వు తినడం మానేస్తే ఆ చుక్కలు మాయం కావచ్చు కనుక, పరీక్షకు ముందు మీ అంతట మీరు పథ్యం మొదలుపెట్టకండి. జబ్బు పేగులో అక్కడక్కడ మాత్రమే ఉండటంవల్ల ఒక బయాప్సీలో దొరకకపోవచ్చు. అప్పుడు కెమెరా ఉన్న మాత్రను మింగించి చేసే క్యాప్సూల్ ఎండోస్కోపీ ఉపయోగపడుతుంది.

చివరిగా, ఇవే లక్షణాలను తెచ్చే క్షయ, లింఫోమా (లింఫ్ కణాల క్యాన్సర్), గుండె పైపొర బిగుసుకుపోవడం వంటివి లేవని స్కాన్, ఎకో (గుండె స్కాన్) పరీక్షలతో చూసుకోవాలి. ఇందులో గుండె పరీక్షను అసలు వాయిదా వేయవద్దు, ఎందుకంటే కారణం ఆ పైపొరే అయితే ఆపరేషన్‌తో పేగులోని కారుడు కూడా ఆగిపోయే అవకాశం ఉంది.