పెరట్లో ఉడుతలు – నాలుగో పాఠం: తవ్వింది సరే, పాతిందా?

పెరట్లో ఉడుతలు గింజలను మట్టిలో పాతి దాచుకోవడం గమనించడమే మన పని. పోయిన పాఠం చదివినవాళ్లలో ఎక్కువమంది చెప్పింది ఒకటే. "పల్లీలు పెట్టాం, ఉడుతలు వచ్చాయి, అక్కడే కూర్చుని తినేసి పోయాయి. ఒక్కటీ పాతలేదు." తప్పు నాదే. పల్లీలు పెట్టమన్నాను గానీ తొక్కతో పెట్టాలని రాయలేదు. మన ఇళ్లలో పల్లీలంటే డబ్బాలో ఉండే ఒలిచిన గింజలే కదా. ఒలిచిన గింజ మట్టిలో ఎక్కువ రోజులు ఆగదు. అందుకే చాలావరకు ఉడుత దాన్ని అక్కడికక్కడే తినేస్తుంది. తొక్కో పెంకో ఉంటే దాచుకోవాలన్న ఆలోచన ఎక్కువగా వస్తుంది.

కాబట్టి ఈసారి తొక్కతో ఉన్న వేరుశెనక్కాయలు పెట్టండి. వేయించినవి, ఉప్పు లేనివి అయి ఉండాలి. పచ్చివాటిలో ప్రోటీన్‌ను సరిగా అరగనివ్వని పదార్థం ఉంటుంది, వేయిస్తే దాని బలం తగ్గుతుంది. వేయించినవైనా రోజూ అవే పెట్టకండి. వాటిలో కాల్షియం తక్కువ, మొక్కజొన్నలోనూ అంతే. అవే తింటూ పోతే ఉడుతల ఎముకలు దెబ్బతింటాయి. నేనైతే హేజెల్‌నట్లే, అంటే గట్టి పెంకుతో ఉండే చిన్న కాయలే వాడతాను. గుండ్రంగా ఉంటాయి, నోట్లో ఉందో లేదో దూరం నుంచి కూడా తెలుస్తుంది. ఈ పాఠంలో మనకు కావలసింది అదే.

గిన్నె నిండా పోసినవాళ్ల పెరట్లో ఒకే ఉడుత కాపలా కాసి మిగతావాటిని తరిమేసిందట. గిన్నె తీసేయండి. ఒక్కో గింజ పెట్టండి, అది తీసుకెళ్లాక ఇంకొకటి. చీకటి పడేలోపు మిగిలినవి ఎత్తేయండి, లేకపోతే ఎలుకలు వస్తాయి.

ఇంకో మాట. ఇక్కడ న్యూజెర్సీలో మా పెరట్లో తిరిగేది బూడిదరంగు ఉడుత. వీపు మీద చారలున్న చిన్నది కనబడితే అది చిప్‌మంక్. మన ఊరి ఉడుతలా ఉందని ముచ్చటపడి దాని వెంట పడితే ఈ పాఠం సాగదు. అది గింజలను బుగ్గల్లో నింపుకుని బొరియలోకి పోతుంది. బూడిదరంగు ఉడుత ఒక్కో గింజను ఒక్కోచోట విడిగా పాతుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఇంకొందరి నుంచి "ఈరోజు పదిహేను పాతింది" అని లెక్కలు వస్తున్నాయి. వాళ్లలో చాలామంది ఉడుత తవ్విన ప్రతిసారీ ఒకటి వేసుకుంటున్నారు. దయచేసి అలా చేయకండి. ఉడుత పాతడానికే కాదు, ముందెప్పుడో దాచిన గింజ వెతకడానికీ తవ్వుతుంది. పాతినట్టు నటించడానికీ తవ్వుతుంది. అవును, నటిస్తుంది. తోటి ఉడుతలు చూస్తుంటే ఇలాంటి ఉత్తుత్తి పాతళ్లు ఎక్కువవుతాయని పెన్సిల్వేనియాలో పరిశోధకుడు మైకేల్ స్టీల్ బృందం గమనించి 2008లో ప్రచురించింది.

నిన్న పొద్దున నేను చూసింది చెప్తాను. ఒక ఉడుత హేజెల్‌నట్ తీసుకుని ముందుకాళ్లతో రెండు మూడుసార్లు తిప్పింది. తల ఒకసారి విదిలించింది. గింజ బరువు చూసుకునే తీరు అది. కంచె పక్కకు పరిగెత్తి గబగబా తవ్వింది, మూతి గుంటలో పెట్టింది, మట్టి కప్పింది. రెండో ఉడుత కొమ్మ మీదుంది. మొదటిది తల ఎత్తేసరికి గింజ పళ్ల మధ్యే ఉంది! పది అడుగులు పోయి, మేపుల్ చెట్టు వెనక మళ్లీ తవ్వింది. ఈసారి మూతితో గట్టిగా నాలుగైదుసార్లు పొడిచింది, ఒళ్లంతా ముందుకు ఊగింది. ముందుకాళ్లతో మట్టి లాగి, తట్టి, ఎండుటాకులు పైకి జరిపింది. పోయేటప్పుడు నోరు ఖాళీ.

అందుకని గుంటను చూడకండి, నోటిని చూడండి. తవ్వే ముందు నోట్లో గింజ ఉండాలి, వెళ్లేటప్పుడు ఉండకూడదు. ముందే లేకపోతే వెతుకులాట, తర్వాత కూడా ఉంటే నటన. మూతి పోట్లు కనబడినా నోరు కనబడకపోతే ప్రశ్నార్థకం పెట్టండి, లెక్కలో వేయకండి.

ఓక్ చెట్లున్నవాళ్లు ఏకార్న్‌లు, అంటే ఓక్ కాయలు కూడా గమనించండి. ఆకు అంచులు గుండ్రంగా ఉంటే వైట్ ఓక్, ముళ్లలా మొనదేలితే రెడ్ ఓక్. వైట్ ఓక్ కాయ రాలిన కొద్దిరోజులకే మొలకెత్తుతుంది. అందుకే ఉడుత తరచూ దాని మొన కొరికి, మొలకను తీసేసి పాతుతుంది. వసంతం దాకా మొలకెత్తని రెడ్ ఓక్ కాయను చాలావరకు అలాగే పాతేస్తుంది.

అభ్యాసం: పెరటి పటం గీయండి. రోజూ పొద్దున ఒకే సమయానికి కిటికీలోంచి అరగంట చూసి, పది నిజమైన పాతళ్లు గుర్తు పెట్టేవరకు ఆపొద్దు. మూడు రోజులు పట్టినా సరే. తర్వాత 12 రోజులు ఆ చోట్ల ఏ ఉడుత తవ్వుతోందో రాయండి. 1991లో పరిశోధకులు లూసియా జాకబ్స్, ఎమిలీ లైమన్ హేజెల్‌నట్లతోనే పరీక్షిస్తే, 12 రోజుల తర్వాత కూడా ఉడుతలు వేరేవి పాతిన చోట్లకంటే తాము పాతిన చోట్ల నుంచే ఎక్కువ తీశాయి. మీ ఉడుతను చెవి మీద గాటుతోనో, తోక కుచ్చుతోనో గుర్తుపట్టాలి.

ఉందో లేదో చూద్దామని మీరు మాత్రం తవ్వకండి. ఇద్దరు తవ్వారు, ఆ చోట్లు పటంలోంచి కొట్టేయమన్నాను. మీ టౌన్‌లో, హెచ్‌ఓఏలో (ఇళ్ల యజమానుల సంఘంలో) మేత పెట్టడానికి అనుమతి ఉందో లేదో మొదలుపెట్టే ముందే కనుక్కోండి. పటాలు దాచుకోండి, ఐదో పాఠంలో మంచు పడ్డాక అవే కావాలి.