గడ్డకట్టే చలిలో కారు – మూడవ పాఠం: బ్లాక్ హీటర్

మొదటి పాఠంలో బ్యాటరీ గురించి, రెండవ పాఠంలో ఇంజిన్ ఆయిల్ గురించి తెలుసుకున్నాము. మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ వద్ద బ్యాటరీ తన శక్తిలో సుమారు సగాన్ని కోల్పోతుందని, సరిగ్గా అదే సమయంలో చిక్కబడిన ఆయిల్ వల్ల ఇంజిన్‌ను తిప్పడానికి ఎక్కువ శక్తి కావలసి వస్తుందని అక్కడ చూశాము. ఈ రెండు కష్టాలలో రెండవదానిని, కారు స్టార్ట్ చేయకముందే, బయటి నుంచి విద్యుత్తుతో తగ్గించే ఉపాయం ఈ పాఠానికి విషయం. కెనడాలోని విన్నిపెగ్, సస్కటూన్, ఎడ్మంటన్ వంటి నగరాలకు చదువుకో ఉద్యోగానికో వచ్చి, మొదటి శీతాకాలానికి ముందే పాత కారు కొనుక్కున్న తెలుగువారిని దృష్టిలో ఉంచుకుని ఈ పాఠం రాస్తున్నాను. హైదరాబాదులోనో విజయవాడలోనో కారు నడిపినవారు ఇంజిన్ అతిగా వేడెక్కకుండా చూసుకోవడానికి అలవాటు పడి ఉంటారు. విన్నిపెగ్‌లో జనవరి రాత్రుల సగటు కనిష్ఠ ఉష్ణోగ్రత మైనస్ 20కి దిగువన ఉంటుంది కాబట్టి ఇక్కడ నేర్చుకోవలసిన జాగ్రత్త వేరు.

బ్లాక్ హీటర్ అంటే ఇంజిన్ బ్లాకులోని (సిలిండర్లు ఉండే ప్రధాన లోహపు భాగంలోని) కూలెంట్‌లో, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవంలో, మునిగి ఉండే చిన్న విద్యుత్ కడ్డీ. మన ఇళ్లలో బకెట్ నీళ్లు కాచుకునే హీటర్ కడ్డీ పనిచేసే తీరే దీనిది కూడా. ఇంజిన్ బ్లాకును పోత పోసేటప్పుడు లోపలి ఇసుకను తీయడానికి వదిలిన రంధ్రాలను తరువాత లోహపు బిళ్లలతో మూసివేస్తారు. అలాంటి బిళ్ల ఒకదానిని తీసి, ఆ స్థానంలో హీటరును బిగించడం సాధారణ పద్ధతి. కారు ఆగి ఉన్నప్పుడు కూలెంట్ పంపు తిరగదు. అయినా వేడెక్కిన కూలెంట్ పైకి, చల్లనిది కిందికి కదులుతూ, సిలిండర్ల చుట్టూ ఉన్న లోహాన్ని నెమ్మదిగా వెచ్చబరుస్తుంది. లోహం వెచ్చబడితే దానిని అంటుకుని ఉన్న ఆయిల్ పొర కూడా పలచబడి, స్టార్టర్ మోటారుకు భారం తగ్గుతుంది. ఇలా ఇంజిన్‌ను ముందుగా వేడిచేసే సాధనాలలో ఒక తొలి రూపానికి, అంటే సిలిండర్ హెడ్డు బోల్టు స్థానంలో బిగించే హీటరుకు, అమెరికాలోని నార్త్ డకోటా రాష్ట్రం గ్రాండ్ ఫోర్క్స్‌కు చెందిన ఆండ్రూ ఫ్రీమన్ 1949లో పేటెంట్ పొందాడు.

మీ కారుకు ఈ హీటరు ఉందో లేదో ముందుగా తేల్చుకోండి. ముందు గ్రిల్లు సందులోంచి, లేదా బానెట్ తెరిచినప్పుడు బ్యాటరీ పరిసరాలలో, మూడు పిన్నుల ప్లగ్గు ఉన్న నల్లని తీగ కనిపిస్తే హీటరు ఉన్నట్లే అనుకోవచ్చు. పైన చెప్పిన మూడు నగరాలు ఉన్న ప్రెయిరీ (మైదాన ప్రాంత) రాష్ట్రాలలో అమ్మిన కార్లలో ఇది సాధారణంగా ఉంటుంది కాని, వాంకూవర్ వంటి తేలిక చలి ప్రాంతం నుంచి తెచ్చి అమ్మిన కార్లలో లేకపోవచ్చు. కొనేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్నలలో ఇదొకటి. లేకపోతే అక్టోబరులోనే మెకానిక్కు చేత పెట్టించుకోవడం మంచిది. కూలెంట్ కొంత బయటికి తీసి, హీటరు బిగించి, మళ్లీ గాలి బుడగలు లేకుండా నింపవలసిన పని కాబట్టి దీనిని ఇంటి దగ్గర సొంతంగా చేయమని ఈ పాఠం చెప్పదు. కడ్డీ చుట్టూ కూలెంట్ లేకుండా హీటరు వేస్తే అది కాలిపోతుంది.

తీగ ఉన్నంత మాత్రాన హీటరు పనిచేస్తున్నట్లు కాదు. మల్టీమీటరు ఉన్నవారు, గోడ సాకెట్ నుంచి ప్లగ్గు తీసేసిన తరువాతే, కారు ప్లగ్గులోని రెండు చదునైన పిన్నుల మధ్య నిరోధం కొలవాలి. ఉత్తర అమెరికాలో ఇంటి విద్యుత్తు 120 వోల్టులది కాబట్టి, 120ని 120తో గుణించి హీటరు వాట్లతో భాగిస్తే రావలసిన ఓములు తెలుస్తాయి. 400 వాట్ల హీటరుకు అది 36 ఓములు. మీటరు అనంతం చూపిస్తే కడ్డీ గానీ తీగ గానీ తెగిపోయిందని అర్థం. అయితే కొన్ని వాహనాల తీగలోనే థర్మోస్టాట్ ఉండి, చలి ముదిరితే తప్ప అది విద్యుత్తును లోపలికి పంపదు. అటువంటి దానిని వెచ్చని గ్యారేజీలో పరీక్షించి చెడిపోయిందని నిర్ణయించకూడదు. చదునైన పిన్నుల్లో దేనికైనా గుండ్రని ఎర్త్ పిన్నుతో సంబంధం ఉన్నట్లు మీటరు చూపితే మాత్రం ఆ హీటరును వాడవద్దు.

ఇక ఎక్స్‌టెన్షన్ తీగ. చాలామంది హీటరు గురించి ఎంతో విచారించి, తీగ దగ్గర డబ్బు మిగుల్చుకోవాలని చూస్తారు. నిజానికి అగ్నిప్రమాదాలకు ఎక్కువ అవకాశం ఉన్నది ఇక్కడే అని నా అభిప్రాయం. ఇంటి లోపల వాడే సన్నని తీగ మైనస్ 30లో బిరుసెక్కి, మెలితిప్పిన చోట పగుళ్లిస్తుంది. ఆరుబయట చలిలో కూడా మెత్తగా ఉండేదని ముద్రించిన, మూడు పిన్నుల, 14 గేజి తీగను, అవసరమైనంత పొడవు మాత్రమే, కొనండి. గేజిలో అంకె తగ్గేకొద్దీ తీగ లావెక్కుతుందని గుర్తుంచుకోండి. తీగను చుట్టగా ఉంచి వాడకూడదు, రెండు ప్లగ్గులు కలిసే చోటు మంచులో పడి ఉండకూడదు. ముందు కారు వైపు కలిపి, ఆ తరువాత గోడ సాకెట్‌లో పెట్టడం సరైన వరుస. తీగను డ్రైవరు వైపు అద్దం మీదుగా వేలాడదీసుకోవడం ఇక్కడివారి అలవాటు. తొందరలో తీగతో సహా బయలుదేరకుండా కాపాడుతుంది కాబట్టి మీరూ అలవరచుకోండి.

ఎంతసేపు వేడిచేయాలి? పడుకునేముందు పెట్టి పొద్దున తీసే పద్ధతి సులువైనదే కాని, దండగ. ఇంజిన్ వెచ్చబడేకొద్దీ బయటి గాలికి పోయే వేడి పెరిగి, చివరకు హీటరు ఇచ్చే వేడితో సమానమవుతుంది. అక్కడి నుంచి మీరు వీధిని వెచ్చబరుస్తున్నట్లే. రెండు నుంచి నాలుగు గంటలు చాలు. ఆరుబయట వాడదగిన టైమరు ఒకటి కొని, బయలుదేరే వేళకు మూడు గంటల ముందు మొదలయ్యేలా అమర్చుకోండి. మైనస్ 15 కంటే దిగువకు పడిపోయే రాత్రులలో హీటరును వాడండి. వాతావరణ వార్తలలో చెప్పే గాలిచలి అంకెను చూసి కంగారు పడనవసరం లేదు, ఎందుకంటే అది మనిషి చర్మానికి సంబంధించిన లెక్క. గాలి కారును త్వరగా చల్లార్చగలదే గాని, అసలు ఉష్ణోగ్రత మైనస్ 22 అయితే ఇంజిన్‌ను అంతకంటే కిందికి దించలేదు. కొన్ని కార్యాలయాల పార్కింగు స్థలాలలోని సాకెట్లకు విద్యుత్తు కాసేపు వచ్చి కాసేపు ఆగుతూ ఉంటుంది. ఖర్చు తగ్గించడానికి చేసిన ఏర్పాటే తప్ప అది లోపం కాదు.

బ్లాక్ హీటరు బ్యాటరీని వెచ్చబరచదు. మైనస్ 30కి దిగువన తరచూ బయట నిలపవలసినవారు బ్యాటరీ చుట్టూ కట్టే విద్యుత్ దుప్పటి కూడా పెట్టించుకోవచ్చు.

ఉదయం చేయవలసినది కొద్దిగానే ఉంది. ప్లగ్గు తీసి, దీపాలు, ఫ్యాను ఆపి ఉన్నాయని చూసుకుని స్టార్ట్ చేయండి. పది సెకన్లలో అందుకోకపోతే ఆపి, ఒక నిమిషం విరామం ఇచ్చి మళ్లీ ప్రయత్నించండి. స్టార్ట్ అయ్యాక, కదిలే ముందు, ముందే వెచ్చబడిన ఇంజిన్‌ను అలా నడవనివ్వడానికి అరనిమిషం, మరీ చలిగా ఉంటే రెండు మూడు నిమిషాలు చాలు. ఇరవై నిమిషాలు నిలబెట్టి తిప్పడం వల్ల పెట్రోలు ఖర్చవుతుంది, ఇంజిన్ మాత్రం నడిపేటప్పటికంటే నెమ్మదిగా వెచ్చబడుతుంది. గేర్లలోని నూనె, బేరింగులు, టైర్లు ఇంకా చల్లగానే ఉంటాయి కాబట్టి మొదటి కొన్ని కిలోమీటర్లు నిదానంగా పోనివ్వాలి. మూసిన గ్యారేజీలో ఇంజిన్‌ను ఎంత కొద్దిసేపైనా నడపవద్దు, ఎందుకంటే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. ఆరుబయటైనా పొగగొట్టం చుట్టూ పేరుకున్న మంచును ముందుగా తీసేయాలి.

అభ్యాసం: మీ హీటరు నిరోధం 24 ఓములు అయితే దాని శక్తి ఎన్ని వాట్లో, అది తీసుకునే కరెంటు ఎన్ని ఆంపియర్లో లెక్కకట్టండి (600 వాట్లు, 5 ఆంపియర్లు రావాలి). తరువాత 400 వాట్ల హీటరును రాత్రి పది నుంచి ఉదయం ఏడు వరకు ఉంచితే 3.6 యూనిట్లు, టైమరుతో నాలుగింటి నుంచి ఉంచితే 1.2 యూనిట్లు ఖర్చవుతాయని సరిచూసుకుని, తేడాను మీ ఇంటి బిల్లులోని యూనిట్ ధరతో గుణించండి.

నాలుగవ పాఠం కూలెంట్ గురించి. కూలెంట్‌లో వాడే గ్లైకాల్ అనే రసాయనం, నీరు సగం సగం కలిపితే మైనస్ 37 వరకు గడ్డకట్టదు కాని, నీరు కలపని గ్లైకాల్ మైనస్ 13 దగ్గరే గట్టిపడుతుంది. ఆ పాఠానికి ముందు, ఇంజిన్ పూర్తిగా చల్లబడి ఉన్నప్పుడు కూలెంట్ డబ్బా మీది గీతల మధ్య మట్టం ఎక్కడ ఉందో చూసి రాసిపెట్టుకోండి.