సాయంత్రమైతే నెట్ కట్ అవుతోందా? కంపెనీ మార్చేముందు అడాప్టర్ చూడండి

బెజవాడలో బీఎస్ఎన్ఎల్, యాక్ట్, జియో, ఎయిర్‌టెల్, ఏపీ ఫైబర్‌నెట్... ఏది పెట్టించుకున్నా సరే, నెట్ ఆగగానే అందరిదీ ఒకటే మాట: "మా ఏరియాలో కవరేజీ బాగోదండీ." ఎర్ర లైట్ వెలిగిందా అని అడిగితే "చూళ్లేదండీ" అంటారు. ఫోన్ చేసేముందు గోడకున్న ఇంటర్నెట్ డబ్బా (రూటర్) వంక ఒక్కసారి చూస్తే ఏం పోతుంది? ఆపి ఆన్ చేయడం, రీచార్జ్ అయిపోయిందేమో చూసుకోవడం మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

ఎల్ఓఎస్ లైట్ (సిగ్నల్ పోయిందని చెప్పేది) ఎర్రగా ఉంది, పవర్ లైట్ మామూలుగానే ఉంది

ఫైబర్‌లో వెలుగు డబ్బా దాకా రావట్లేదు. బీరువా వెనకో, తలుపు సందులోనో వైరు మడతపడిందేమో చూడండి. కనెక్టర్‌ని తీసి మళ్లీ టిక్కుమనేదాకా నొక్కండి. దాని మొనని వేలితో ముట్టుకోవద్దు, కంటికెదురుగా పెట్టి చూడొద్దు. అప్పటికీ ఎరుపు పోకపోతే వైరు బయటెక్కడో తెగి ఉండొచ్చు. వన్‌టౌన్ సందుల్లో స్తంభాల మీద ఆ వైర్ల గుట్టలు చూశారుగా? కంప్లయింట్ ఇచ్చి ఆగాల్సిందే.

సాయంత్రాలు నెట్ పోతుంది, రెండు మూడు నిమిషాల్లో దానంతటదే వస్తుంది

అసలు దొంగ ఇక్కడుంది. కంప్లయింట్ ఇస్తే వాళ్లు ఆఫీసులోంచే లైన్ చూస్తారు. ఫైబర్‌లో వచ్చే వెలుగు బలం మైనస్ 20 డీబీఎం దగ్గర ఉంటుంది, అంటే బ్రహ్మాండం. మైనస్ 27 కన్నా కిందికి దిగితేనే కంగారు. "లైన్ క్లియర్" అని టికెట్ మూసేస్తారు. లైన్ చూసే కుర్రాడు పొద్దున పదకొండింటికి వస్తాడు. అప్పుడు ఇంట్లో వాడేవాళ్లుండరు, నెట్ పరిగెడుతుంటుంది. విసుగెత్తి కంపెనీ మార్చేస్తారు, కొత్తది చక్కగా పనిచేస్తుంది, పాతవాళ్లని నాలుగు తిడతారు. కొత్త డబ్బాతో కొత్త అడాప్టర్ కూడా వచ్చిందన్న సంగతి ఎవరికీ తట్టదు.

అడాప్టర్‌లో కరెంటుని నిలకడగా ఉంచే కెపాసిటర్లు వేడికి ఏళ్ల తరబడి ఎండిపోతాయి. మన ఎండలు చాలవన్నట్టు దాన్ని టీవీ వెనక గాలాడని చోట కుక్కుతాం. రాత్రి నలుగురూ ఒకేసారి వీడియోలు పెట్టేసరికి డబ్బా ఎక్కువ కరెంటు లాగుతుంది, వోల్టేజీ జారుతుంది, డబ్బా ఆగి మళ్లీ లేస్తుంది. అడాప్టర్‌ని విడిగా తీసి మల్టీమీటర్ (వోల్టేజీ కొలిచే మీటర్) పెడితే మాత్రం 12 వోల్టులు చూపిస్తుంది. ముసలి ఎద్దు ఖాళీ బండిని బాగానే లాగుతుంది కదా. ఆ రీడింగ్ నమ్మకండి.

పట్టుకోవడం తేలిక. నెట్ పోయిన క్షణాన ఫోన్‌లో మీ వైఫై పేరు చూడండి. పేరుండి ఇంటర్నెట్ లేదంటే గొడవ చాలావరకు లైన్‌దే. పేరే మాయమై కాసేపటికి తిరిగొస్తే డబ్బా రీస్టార్ట్ అవుతోంది. పక్కనే ఉంటే లైట్లన్నీ ఒక్కసారే ఆరిపోవడం కనబడుతుంది.

అవే వోల్టులు, అంతే లేదా అంతకన్నా ఎక్కువ యాంపియర్లు, అదే సైజు పిన్నున్న వేరే అడాప్టర్ పెట్టి ఒక సాయంత్రం చూడండి. సెట్‌టాప్ బాక్సుది చాలాసార్లు సరిపోతుంది. కానీ లేబుల్ చదవకుండా గుచ్చితే, 9 వోల్టుల డబ్బాకి 12 ఎక్కి డబ్బానే పోవచ్చు. మధ్యలో మినీ యూపీఎస్ (కరెంటు పోయినా డబ్బాని నడిపే చిన్న బ్యాటరీ పెట్టె) ఉంటే తీసేసి నేరుగా ప్లగ్గులో పెట్టండి, బ్యాటరీ ముసలిదైతే అదీ ఇదే వేషం వేస్తుంది. వదులైన ఎక్స్‌టెన్షన్ బాక్సు కూడా అంతే.

200 ఎంబీపీఎస్ ప్లాన్, కంప్యూటర్‌లో 94 దగ్గరే ఆగుతుంది

డబ్బా నుంచి కంప్యూటర్‌కెళ్లే లాన్ వైరులో ఒక జత తీగలు తెగాయి, లేదా ఆ వైరు గుచ్చే పోర్టు 100 ఎంబీపీఎస్‌దే. వైరు మార్చి చూడండి. వైఫైలో స్లో అంటారా, 5 గిగాహెర్ట్జ్‌కి (వైఫైలోని వేగమైన బ్యాండ్) మారండి. అది రెండు గోడలు దాటితే నీరసపడుతుంది, డబ్బాని హాల్లోకి జరిపించుకోండి.

పిడుగు పడి పోర్టు కాలిపోవడం, ఎలకలు వైరు కొరకడం... ఇవీ ఉంటాయి. పైవన్నీ చూశాకే వాటి సంగతి.