నీళ్లలో రోబోల ముచ్చట్లు – 4వ పాఠం: బీప్ నీళ్లలోంచి వచ్చిందా, తీగలోంచా?

మూడో పాఠంలో ట్రాన్స్‌మిటర్ నీళ్లలో ముంచిన రెండు ఎలక్ట్రోడ్ల (కరెంటును నీళ్లలోకి దించే లోహపు ముక్కల) జతతో బీప్ పంపితే, రిసీవర్ ఇంకో జతతో దాన్ని నీళ్లలోంచే పట్టుకోవాలి. అది చేసి చూసినవాళ్లలో చాలామంది ఒకటే రాశారు: "సార్, రిసీవర్‌ను తొట్టి ఈ కొస నుంచి ఆ కొసకు జరిపినా బీప్ తగ్గలేదు, సక్సెస్!" సక్సెస్ కాదు. దూరం రెట్టింపైతే సిగ్నల్ సుమారు ఎనిమిదో వంతుకు పడిపోవాలి. 20 సెంటీమీటర్ల దగ్గర వచ్చినంతే 80 దగ్గరా వస్తోందంటే ఏదో దొంగదారి ఉన్నట్టే. అందుకే ఈసారి మొదలుపెట్టాల్సిన కోడింగ్‌ను పక్కన పెడుతున్నాను.

ఆ దొంగదారి పేరు గ్రౌండ్, అంటే సర్క్యూట్‌లో కరెంటు తిరిగి వచ్చే ఉమ్మడి తీగ. ట్రాన్స్‌మిటర్‌నూ రిసీవర్‌నూ ఒకే ల్యాప్‌టాప్ యూఎస్‌బీకి తగిలించారు. రెండింటి గ్రౌండ్ తీగలూ అక్కడే కలిసిపోయాయి. కరెంటు ఒక ఎలక్ట్రోడ్ నుంచి నీళ్లలోకి దిగి, తిరిగి మాత్రం తీగలోంచి ఇంటికి పోతోంది. సగం సర్క్యూట్‌కే నీళ్లు, మిగతా సగానికి రాగి. వేర్వేరు అడాప్టర్లు పెట్టాం కదా అంటారా? ఒకే స్విచ్‌బోర్డులో గుచ్చితే వాటి లోపలి కెపాసిటర్ల గుండా కొంత లీకవుతుంది. చార్జింగ్‌లో ఉన్న ఫోనుతో రికార్డు చేసినా అంతే. రెండు వైపులా 9 వోల్టుల బ్యాటరీలు, అంతే. కరెంటు ప్లగ్గు తొట్టి దరిదాపులకు రాకూడదని వేరే చెప్పక్కర్లేదు.

పరీక్ష తేలిక. రిసీవర్ గ్రౌండ్ ఎలక్ట్రోడ్ ఒక్కదాన్నే నీళ్లలోంచి పైకెత్తండి. బీప్ దాదాపు చచ్చిపోవాలి. హాయిగా మోగుతూనే ఉంటే మీ రోబో ఇంకా తాడుతో కట్టేసి ఉన్నట్టే. ఇది తేలకుండా నాకు రీడింగులు పంపొద్దు.

ఇంకొందరు "బాగా పాకుతుందని" గుప్పెడు ఉప్పు వేశారు. ఉప్పుతో నీళ్ల నిరోధం తగ్గుతుంది, ట్రాన్స్‌మిటర్ మీద లోడ్ పెరుగుతుంది, బ్యాటరీ వోల్టేజి కుంగుతుంది, సిగ్నల్ పెరగదు సరికదా తగ్గుతుంది. మన కర్నూలు బోరు నీళ్లలో ఉన్న ఉప్పులే చాలు. బుడగలు వచ్చాయన్నవాళ్లు ఎలక్ట్రోడ్‌కు వరసలో 10 మైక్రోఫారడ్ నాన్‌పోలార్ (ప్లస్, మైనస్ తేడా లేని) కెపాసిటర్ పెట్టండి, డీసీ, అంటే ఒకే వైపు పారే కరెంటు, ఆగిపోతుంది. నేను స్టీల్ స్పూన్లే వాడతాను, రాగి పచ్చబడుతుంది.

వానాకాలం తుంగభద్ర ఎర్రటి బురదతో వచ్చినప్పుడు లైటుతో మాట్లాడే రోబో గుడ్డిదైపోతుంది. మనం బీప్ పంపే విద్యుత్ క్షేత్రానికి ఆ బురద అడ్డే కాదు. ఆ క్షేత్రానికున్న పేచీ వేరు, అది దిక్కు చూస్తుంది: రిసీవర్ ఏ దిక్కున ఉందన్నదాన్ని బట్టి బీప్ బలం మారుతుంది.

అభ్యాసం: చిన్న ప్లాస్టిక్ టబ్బు వద్దు. దాని గోడలు కరెంటును బయటికి పోనివ్వవు, ఎనిమిదో వంతు లెక్క తప్పుతుంది. పొలం దగ్గరి పెద్ద సిమెంటు తొట్టి చూసుకోండి, మోటరు ఆపించండి, లేదంటే కరెంటు లైను 50 హెర్ట్జ్ హమ్ (గుయ్‌మనే రొద) బీప్‌ను మింగేస్తుంది. ఒక్కో జతలో ఎలక్ట్రోడ్ల మధ్య 5 సెంటీమీటర్లు, టోన్ 1000 హెర్ట్జ్. తొట్టి నడుమ, రెండు జతలనూ నీళ్లలో సగం లోతున, నాలుగు ఎలక్ట్రోడ్లూ ఒకే గీత మీదకు వచ్చేలా ఒకే దిశకు పెట్టి, 20, 40 సెంటీమీటర్ల దగ్గర వోల్టేజి రాయండి. తర్వాత 40 దూరం మార్చకుండా, ట్రాన్స్‌మిటర్ చుట్టూ రిసీవర్‌ను జరపండి. జత మాత్రం తిరగకూడదు, మొదట చూసిన దిశకే చూడాలి. సుమారు 55 డిగ్రీల దగ్గర బీప్ మాయమై, 90 దగ్గర సగం బలంతో మళ్లీ వస్తుంది. 10 డిగ్రీలకోసారి గ్రాఫ్ గీయండి. మాయమైన చోట రోబో ఏం చేయాలో మీరే రాసి పంపండి.