గ్రామసభకు పది రోజుల ముందే ఊళ్లో ఏ పని ముందో ఇలా తేల్చుకోండి

పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేస్తారు, సెక్రటరీ కాగితం చదువుతారు, మనం సంతకాలు పెట్టి టీ తాగి వచ్చేస్తాం. గ్రామసభ అంటే చాలా ఊళ్లలో ఇంతే జరుగుతోంది. ఆ గంటన్నరలో ఏ పని ముందు, ఏది వెనక అన్నది తేలడం కష్టం, ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ల వీధికే సీసీ రోడ్డు. అందుకని అసలు పని సభకు పది పదిహేను రోజుల ముందే ఊళ్లో మొదలవ్వాలి. విజయనగరం జిల్లా గజపతినగరం దగ్గర మా ఊళ్లో ఇలా చేస్తున్నాం, మీ ఊళ్లోనూ చేయొచ్చు, దీనికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

ముందు ఊరంతటినీ ఒక్కచోటికి పిలవడం మానేయండి. వీధి వీధికీ మీరే వెళ్లండి, అదీ రాత్రి ఏడు దాటాక, ఆడవాళ్లకి వంట పని అయ్యాక. 2024లో రాష్ట్రమంతా 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టారు, మంచిదే, కానీ అది ఆగస్టు 23, మా వైపు ఉభాలు, అంటే వరి నాట్లు నడిచే కాలం, పొలంలో నడుం వంచి ఉన్న మనిషి పగటిపూట సభకి ఎలా వస్తుంది? ఎస్సీ కాలనీ వాళ్లని రామాలయం దగ్గరికి రమ్మనకండి. వస్తారు, కానీ వెనక నిలబడతారు, నోరు విప్పరు. కాలనీలోనే కూర్చుంటే మనం ఎన్నడూ వినని సంగతులు బయటికొస్తాయి. డ్వాక్రా సంఘాల లీడర్లకి ముందురోజే చెప్తే మనుషులు వాళ్లంతట వాళ్లే కూడుతారు.

కూర్చున్నాక "ఊరికి ఏం కావాలి" అని మాత్రం అడగొద్దు. అలా అడిగితే ముఖద్వారం కావాలంటారు, కల్యాణ మండపం కావాలంటారు. "నిన్న పొద్దున్నించి రాత్రి దాకా ఎక్కడ ఇబ్బంది పడ్డావమ్మా" అని అడగండి. కుళాయి ఎన్నింటికి వచ్చింది, ఎన్ని బిందెలు పట్టారు, వాడుక నీళ్లు ఎక్కడ పారబోశారు, బడికెళ్లే పిల్లలు గెడ్డ (వాగు) ఎలా దాటారు. అప్పుడు పనుల పేర్లు వాటంతటవే వస్తాయి. అందులో ఎక్కువమంది చెప్పిన ఐదు తీసుకోండి.

ఆ తర్వాత చింతపిక్కలు. నేల మీద సుద్దతో ఐదు గళ్లు గీసి, చదువు రానివాళ్లకీ తెలిసేలా ఒక్కో గడిలో బొమ్మ వేయండి: కుళాయి, కాలువ, వీధి దీపం, బంద (చిన్న చెరువు), శ్మశానం దారి. మనిషికి పది పిక్కలు ఇచ్చి, ఏ పనికి ఎన్ని పెట్టాలనిపిస్తే అన్ని పెట్టమనండి. ఆడవాళ్లు విడిగా, మగవాళ్లు విడిగా. మా ఊళ్లో మగవాళ్ల పిక్కలన్నీ బంద మదుం (తూము) మీదకి పోయాయి, ఆడవాళ్లవి కాలువ దగ్గర కుప్పపడ్డాయి. ఒక ముసలమ్మ తొమ్మిది పిక్కలు కాలువ గడిలో పెట్టి, పదోది చేతిలోనే పట్టుకుని చాలాసేపు ఆలోచించి, శ్మశానం దారి మీద పెట్టింది. "వానాకాలంలో పోతే ఆ బురదలో నన్ను మొయ్యలేర్రా" అంది. రెండు లెక్కలూ పుస్తకంలో వేరువేరుగానే రాయండి. కలిపేస్తే ఆడవాళ్ల మాట మాయమైపోతుంది.

అయితే అన్నిటికీ పిక్కలు పనికిరావు, ఇది గట్టిగా చెప్తున్నా. తాగే నీళ్ల సంగతికి ఓటింగ్ పెట్టకూడదు. 2024 అక్టోబరులో మన జిల్లాలోనే గుర్లలో అతిసారం వచ్చి ప్రాణాలు పోయాయి, ఆ రోజుల్లో ప్రతి ఊళ్లోనూ టెన్షనే. కాబట్టి మురుగు కాలువలోంచి వెళ్లే నీళ్ల పైపు ఎక్కడుందో వీధులన్నీ నడిచి చూడండి, కనబడితే ఆ పని మొదటి వరసలో రాసేయండి, ఎన్ని పిక్కలు పడ్డాయని చూడకండి. నీళ్లలో క్రిముల్ని చంపే క్లోరిన్ ఉందో లేదో చూసే పరీక్ష కిట్టు పంచాయతీలో అడగండి. ట్యాంకు దగ్గర కాదు, పైపు చిట్టచివరి ఇంటి కుళాయి నీళ్లు పట్టి కిట్టులోని మందు చుక్కలు వేయండి. పసుపు రంగు తిరిగితే క్లోరిన్ అక్కడిదాకా అందుతున్నట్టు, రంగు రాకపోతే అందట్లేదన్నట్టు. లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి.

కొన్ని సమస్యలు పంచాయతీ స్థాయి దాటిపోతాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుల సంగతి అందరికీ తెలిసిందే, కవిటి, సోంపేట లాంటి మండలాల ఊళ్లకి హిరమండలం నుంచి పైపుల్లో నీళ్లు తేవాల్సి వచ్చింది, ఆ ప్రాజెక్టు 2023 డిసెంబరులో మొదలైంది. అంత పని ఏ సర్పంచి చేతిలోనూ ఉండదు. అలాంటివి విడిగా తీర్మానం చేసి పైకి పంపండి, మన చేతిలో ఉన్న పనులతో కలపకండి.

ఇక డబ్బు. సభకి ముందే సెక్రటరీని కలిసి ఏ పద్దులో ఎంత ఉందో అడిగి రాసుకోండి. ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో మీ పంచాయతీ ప్లాను, చెల్లింపులు ఎవరైనా చూడొచ్చు. 2021-26 కాలానికి కేంద్రం ఇచ్చిన 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే కేటాయించారు, మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోమన్నారు, జీతాలకి మాత్రం కుదరదన్నారు. అంటే కాలువకీ పైపుకీ డబ్బు దొరికే దారి ఉన్నట్టే, దాన్ని వీధి దీపాల పద్దులో అడిగి తిప్పించుకోకండి. పనుల వరస కూడా చూసుకోండి, ముందు పైపు, తర్వాత కాలువ, ఆఖరికి రోడ్డు. మా వీధిలో రోడ్డు ముందు వేశారు, ఏడాది తిరక్కుండా పైపు కోసం నడిమధ్యకి పగలగొట్టారు, ఆ గుంతలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది తీర్మానం రాసే దగ్గర. "గ్రామంలో కాలువలు బాగుచేయుటకు తీర్మానించడమైనది" అని రాస్తే ఆ కాలువ ఎవరింటి ముందైనా కట్టొచ్చు. "రామాలయం దక్షిణం మూల నుంచి బంద వరకు, 140 మీటర్లు, 23 ఇళ్ల వాడుక నీరు పోయే కాలువ" అని రాయించండి. ఆ మీటర్లు ముందే మీరు టేపు పెట్టి కొలిచి ఉండాలి. రాసింది సభలో పైకి చదివించండి, చదివాకే సంతకం పెట్టండి, ఖాళీ పేజీ మీద వేలిముద్ర వేయనివ్వకండి, పేజీని ఫోన్లో ఫొటో తీసుకోండి. తర్వాత రెండు నెలలైనా కదలిక లేకపోతే ఎస్టిమేటు ఎక్కడ ఆగిందో సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి.

హైదరాబాదు, విశాఖ వలస వెళ్లినవాళ్లు సంక్రాంతికి వస్తారు. కనుమ మర్నాడు ఓ గంట కూర్చుని ఏది అయింది, ఏది కాలేదు అన్నీ వాళ్లకి చదివి వినిపించండి. వరసలో మొదటి మూడు పనుల్లోకి రానివాటిని కూడా అదే పుస్తకంలో పిక్కల లెక్కతో సహా ఉంచండి, వచ్చే ఏడాది మొదలయ్యేది అక్కడి నుంచే. మా పుస్తకంలో ఇప్పుడు పై వరసలో ఉన్నది శ్మశానం దారి, పోయిన ఆదివారమే ముగ్గురం వెళ్లి కొలిచి వచ్చాం.