ఆచారాల వెనుక చట్రాలు: నాలుగవ పాఠం

మీ ఊళ్లో కట్నం ఎందుకు సాగుతోందో రాయమని గత పాఠంలో అడిగితే, అమలాపురం వైపు నుంచీ భీమవరం వైపు నుంచీ వచ్చిన జవాబుల్లో చాలావాటిది ఒకటే మాట: జనానికి అవగాహన లేదు. ఈ జవాబును పక్కన పెట్టించకుండా ముందుకు వెళ్లలేను. 1961 నాటి చట్టం కట్నాన్ని నిషేధించిందని తెలియని పెళ్లిపెద్ద డెల్టాలో అరుదు.

అలవాటు ఇతరులతో పని లేకుండా చేసేది, నియమం ఇతరులను బట్టి చేసేది; ఆ తేడా మళ్లీ వివరించను. సామాజిక నియమాలను అధ్యయనం చేసిన తత్వవేత్త క్రిస్టీనా బిక్కియేరి విశ్లేషణలో నియమం రెండు ఊహల మీద నిలుస్తుంది: తోటివారు అలాగే చేస్తారన్నది మొదటిది, మనమూ అలాగే చేయాలని వారు అనుకుంటారన్నది రెండవది. వధువు తండ్రికి కట్నమంటే అసహ్యం ఉండవచ్చు, వియ్యంకుడికీ ఉండవచ్చు. అయినా అవతలివారు ఆశిస్తున్నారని ఇద్దరూ అనుకున్నంతకాలం ఇచ్చిపుచ్చుకోవడం జరిగిపోతూనే ఉంటుంది. కాబట్టి దయచేసి, "మీకు కట్నం ఇష్టమేనా" అని అడిగి, కాదన్నవారిని లెక్కపెట్టి, ఊరు మారిపోయిందని రాయకండి. "మీరు ఇవ్వకపోతే ఎవరేమంటారు" అని అడగండి.

ఆ ఊహలకు ఆకారమిచ్చేది మనసులోని చట్రం, అంటే ఒక విషయాన్ని మనం అర్థం చేసుకునే తీరు. కోనసీమలో కూతురికి పసుపు కుంకుమ కింద రాసిచ్చే కొబ్బరితోటను, కట్నాన్ని వ్యతిరేకించే కార్యకర్త వరుడికి కట్టే వెలగా చూస్తే, తల్లి పుట్టింటి నుంచి పిల్లకు దక్కే భాగంగా చూస్తుంది. "ఇవ్వకండి" అన్న నినాదం ఆమెకు "పిల్లను ఉత్త చేతులతో పంపండి" అని వినిపిస్తుంది. నేనైతే నినాదం మానేసి, ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కునిచ్చిన హిందూ వారసత్వ చట్టపు 2005 సవరణ దగ్గర మాట మొదలుపెడతాను: ఇచ్చేది పిల్ల పేరనే, పెళ్లి మాటలతో ముడిపెట్టకుండా ఇవ్వమని.

ఎదుటివారి చట్రంలో నుంచే మాట్లాడడం కొత్త కాదు. వితంతు వివాహాన్ని చట్టం 1856లోనే అనుమతించినా, రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తొలి పెళ్లి జరిపించింది 1881 డిసెంబరు 11న. ఆయన శాస్త్ర ప్రమాణాలతో వాదించి ఎదుటివారి చట్రంలోనే చోటు వెతికారు. వెలి భయమనే రెండవ ఊహ మాత్రం వాదనతో పోలేదు.

అభ్యాసం: తొలి కానుపు ఖర్చు పుట్టింటివారే భరించాలన్న నియమాన్ని ఒక అత్తగారి చట్రం నుంచి ఒక పేజీలో రాయండి. ఎక్కడా ఎత్తిపొడుపు ఉండకూడదు. దాన్ని ఒక అత్తగారికే చదివి వినిపించి, ఆమె "ఔను, అంతేగా" అనేదాకా తిరగరాయండి. మార్పు గురించి మీ ఆలోచనలు ఆ తరువాతే పంపండి.